చేను చుట్టూ జొన్న సాళ్ళు: అనంతపురం వేరుశనగ, పంటల వైవిధ్యం

రాయలసీమ వేరుశనగ రైతులకు ఇచ్చే సస్యరక్షణ సలహాలలో ఒకటి చూడడానికి చాలా చిన్నది. చేను చుట్టూ కొన్ని సాళ్ళు జొన్న గాని, సజ్జ గాని ఒత్తుగా విత్తుకోవాలన్నది ఆ సలహా. కాండం కుళ్ళు వైరస్ తెగులును వ్యాపింపజేసే తామర పురుగులు, అవి మోసుకువచ్చే వయ్యారిభామ పుప్పొడి గాలివాటున చేనిలోకి చేరకుండా ఎత్తుగా పెరిగే ఈ పైరు తెరలా అడ్డుకుంటుంది. సలహా శాస్త్రీయమైనది, ఖర్చు తక్కువైనది, ఆచరించిన చోట ప్రయోజనం కలిగించినది. అయితే దానిలో దాగి ఉన్న చరిత్రను విస్తరణ సమావేశాలలో ఎవరూ ప్రస్తావించరు. జొన్న, సజ్జ, కొర్ర ఆ నేలలకు కొత్త పైర్లు కావు. రెండు తరాల క్రితం అనంతపురం ఎర్రనేలలలో ఇంటి తిండికీ, పశువుల మేతకూ అవే ఆధారం. చేను నడుమ నుంచి వెళ్ళిపోయిన జొన్న, ఇప్పుడు వేరుశనగకు కావలి కాసే కంచెగా గట్టు మీదికి తిరిగి వచ్చింది.

ఈ తిరిగి రావడానికి కారణమైన సంఘటన 2000 సంవత్సరపు ఖరీఫ్. ఆ ఏడు అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కల లేత ఆకులు, కాడలు, కాండాలు మాడి, పైరు పొలాలకు పొలాలుగా ఎండిపోయింది. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా ఉంటుందని అంచనా వేశారు. మొదట మొవ్వకుళ్ళు తెగులని భావించినా, పరిశోధనలో అది పొగాకు స్ట్రీక్ వైరస్ వలన కలిగినదని తేలింది. వైరస్ నిలువ ఉన్నది వేరుశనగలో కాదు, బంజరులలోను, గట్ల మీద, బాటల వెంట మొలిచిన వయ్యారిభామ మొక్కలలో. ఆ మొక్కలలో తెగులు లక్షణాలు పైకి కనిపించవు. వాటి పుప్పొడి తామర పురుగుల దేహాలకు అంటుకొని వేరుశనగ ఆకుల మీదికి చేరుతుంది. పురుగులు ఆకును గీకి రసం పీల్చే సమయంలో ఏర్పడే గాయాల గుండా పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది.

ఇక్కడ ఒక విషయాన్ని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఏకపంట సాగును విమర్శించేవారు ఇటువంటి ఉపద్రవాన్ని చూపి, ఒకే పంట ఉండడం వలననే తెగులు మొక్క నుంచి మొక్కకు పాకిందని తేల్చివేస్తూ ఉంటారు. ఈ తెగులు విషయంలో అది సరికాదు. వైరస్ సోకిన వేరుశనగ నుంచి పక్కనున్న వేరుశనగకు తెగులు వ్యాపించడం దాదాపు లేదు, వేరుశనగ విత్తనం ద్వారా కూడా రాదు. ప్రతి మొక్కకూ బయట నుంచే అంటుతుంది. అందుచేత ఏకపంట ఈ వైరస్‌ను పెంచి పోషించిందనడం కంటే, ఏకపంట ఆ దెబ్బను మోయలేకపోయిందనడం వాస్తవానికి దగ్గర. జిల్లా సాగుభూమిలో అధిక భాగం ఒకే పైరు, ఇంచుమించు ఒకే రకం, ఒకే వాన పదునుకు విత్తినది, అంతటా ఒకే వయసులో ఉన్నది. లేత దశలో తగిలిన దెబ్బ అన్ని పొలాలకూ ఒకేసారి తగిలింది. వేరుశనగ పోతే చేతికి వచ్చే మరొక పైరు అధికశాతం కమతాలలో లేదు. నష్టపు పరిమాణాన్ని నిర్ణయించినది వైరస్ ఒక్కటే కాదు.

అనంతపురం ఈ స్థితికి ఎట్లా చేరిందో తెలుసుకోవడం విద్యార్థులకు అవసరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల వద్దనే తన తేమను చాలావరకు వదులుకొని వస్తుంది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరాన్ని దాటి ఇక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. నేలలు అధికభాగం లోతు తక్కువ ఎర్రనేలలు. ఇటువంటి చోట 1960ల ఆరంభంలో వేరుశనగ విస్తీర్ణం సుమారు 2 లక్షల హెక్టార్లు. 1990ల నాటికి అది 7 లక్షల హెక్టార్లను దాటింది. సాగు విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే పంట వచ్చి కూర్చున్నది.

ఇది రైతు అవివేకం కాదు. వేరుశనగ మెట్టనేలకు తగిన పంటే. పప్పుజాతి మొక్క కనుక నత్రజనిని తానే స్థిరీకరించుకుంటుంది. కొంతకాలం బెట్టను ఓర్చుకుంటుంది. కాయ సరిగా ఊరని ఏడు కూడా కట్టె పశువులకు మేతగా మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా అమ్మిన రోజున డబ్బు చేతికి వస్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత కొర్ర, జొన్న పండించి దంచుకొని తినవలసిన అగత్యం పేద ఇంటికి తగ్గింది. ఆ ఉపశమనాన్ని, ముఖ్యంగా రోకలి పట్టే స్త్రీలకు కలిగిన ఉపశమనాన్ని, తక్కువ చేసి చూడరాదు. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలై, కొన్నేళ్ళ పాటు నూనెగింజలకు మంచి ధర పలికింది. రాయితీ విత్తనం, పంట రుణం, బీమా, నూనె మిల్లు ఇవన్నీ ఒకే పంట చుట్టూ అల్లుకున్నాయి. 1990ల మధ్య నుంచి విదేశీ పామాయిల్ దిగుమతులు సులభమై ధరల లెక్క తారుమారైనా, అల్లుకున్న వ్యవస్థ మాత్రం విడివడలేదు. రైతు ఒక్కొక్క ఏడు ఒక్కొక్క సరైన నిర్ణయం తీసుకున్నాడు. ఆ సరైన నిర్ణయాలన్నీ కలిసి ముప్పై ఏళ్ళలో ఒక పెళుసైన వ్యవస్థగా మారాయి. విస్తరణ విభాగాలు అడుగడుగునా దీనికి తోడు నిలిచాయన్నది దాచవలసిన విషయం కాదు.

పంట ఒకటే కావడంతో పాటు రకం కూడా ఒకటే కావడం రెండవ చిక్కు. 2000 నాటికి జిల్లాలో అధిక విస్తీర్ణంలో ఉన్నది టి.ఎం.వి.-2. తిండివనం పరిశోధనా స్థానం నుంచి 1940లో విడుదలైన ఎంపిక రకం అది. అరవై ఏళ్ళ రకం రంగం మీద నిలిచి ఉండడం పరిశోధకులకు కష్టం కలిగించే మాటే గాని, రైతు దానిని పట్టుకొని ఉండడానికి కారణాలు ఉన్నాయి. పంటకాలం తక్కువ, కాయ ఒక్కసారిగా పక్వానికి వస్తుంది, విత్తనం ఎక్కడైనా దొరుకుతుంది, వ్యాపారి పేచీ పెట్టడు. తరువాత కదిరి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కదిరి-6 ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. మేలైన రకమే. కాని ఒక రకం పోయి మరొక రకం వచ్చి అంతే విస్తీర్ణాన్ని కమ్ముకోవడాన్ని రకాల మార్పిడి అనవచ్చును, వైవిధ్యం అనలేము.

వేరుశనగ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పుట్టుకలోనే ఈ పంట జన్యుపరంగా ఇరుకైనది. దక్షిణ అమెరికాలో అరాకిస్ డ్యూరానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్ అనే రెండు అడవి జాతుల మధ్య సహజంగా జరిగిన అరుదైన సంకరం నుంచి, క్రోమోజోములు రెట్టింపై, నేటి సాగు వేరుశనగ ఏర్పడింది. ఆ తరువాత అడవి బంధువులతో సహజ సంపర్కం దాదాపు తెగిపోయింది. ఆ రెండింటిలో ఇపాయెన్సిస్ బొలీవియాలో ఒకే ఒక చోట లభించిన జాతి. ప్రపంచంలోని వేరుశనగ పొలాల వంశవృక్షంలో ఒక పాయ అంత సన్నని కొమ్మ మీద నిలిచి ఉన్నదన్నమాట. తుప్పు, ఆకుమచ్చ తెగుళ్ళకు బలమైన నిరోధకత కోసం ప్రజనన శాస్త్రవేత్తలు అరాకిస్ కార్డినాసి వంటి అడవి జాతులను ఆశ్రయించవలసి వచ్చింది అందుకే.

వరి ప్రాంతాల వారు ఇది మెట్ట ప్రాంతపు బాధ అని భావించరాదు. డెల్టా పొలాలను దశాబ్దాలుగా ఏలుతున్న స్వర్ణ 1982లో మారుటేరు నుంచి, సాంబ మసూరి 1986లో బాపట్ల నుంచి విడుదలైనవి. రెండూ గొప్ప రకాలు. తెలుగు శాస్త్రవేత్తలు దేశానికి ఇచ్చిన కానుకలని చెప్పడంలో అతిశయోక్తి లేదు. కాని రెండింటికీ మసూరి తల్లిదండ్రులలో ఒకటి. పేర్లు వేరు, సంచులు వేరు, రక్తం చాలావరకు ఒకటే. సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద తీవ్రమైనపుడు దానిని నిలబెట్టిన మూడు నిరోధక జన్యువులలో ఒకటైన ఎక్స్.ఏ.21 ఆఫ్రికాకు చెందిన ఒరైజా లాంజిస్టామినాటా అనే అడవి వరి నుంచి వచ్చినది. స్వర్ణకు ముంపును తట్టుకొనే గుణాన్ని అందించిన ఎఫ్.ఆర్.13ఎ ఒడిశా రైతుల నాటు వరి నుంచి ఎంపికైనది. ఇరుకైన సాగును ప్రతిసారీ కాపాడుతూ వచ్చినది విశాలమైన నాటు సంపదే. మూలధనాన్ని తీసి వాడుకోవడం జరుగుతున్నది, దానిని పొలంలో పెంచే పని మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా ఉన్నది.

ప్రపంచ స్థాయిలో చిత్రం ఇంతకంటే భిన్నంగా లేదు. ఆహారం కోసం మనిషి సాగు చేసిన మొక్కలు సుమారు 6,000 జాతులు కాగా, మొత్తం పంట ఉత్పత్తిలో 66 శాతం కేవలం తొమ్మిది పంటల నుంచి వస్తున్నదని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో ప్రకటించింది. 1970లో అమెరికా మొక్కజొన్నలో వచ్చిన దక్షిణ ఆకు ఎండు తెగులును ప్రతి సస్యరోగశాస్త్ర విద్యార్థీ చదువుకుంటాడు. ఆ దేశపు మొక్కజొన్నలో 85 శాతం వరకు టెక్సాస్ రకపు పురుష వంధ్య కణద్రవ్యాన్ని కలిగి ఉండగా, ఆ ఒక్క కణద్రవ్యం మీదనే శిలీంధ్రం దాడి చేసి, ఒక్క ఏడాదిలో పంటలో సుమారు 15 శాతాన్ని హరించింది. పరీక్షలో ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, ఉద్యోగంలో చేరిన తరువాత మండలమంతటికీ ఒకే రకం సిఫారసు చేయడంలో వైరుధ్యాన్ని గమనించడు. తప్పు అతనిది కాదు. పాఠం ఒక శాఖలోను, సిఫారసు మరొక శాఖలోను తయారవుతున్నాయి.

వైవిధ్యం అనగానే పంటల సంఖ్య పెంచడమని భావించడం మరొక పొరపాటు. దీనికి కూడా అనంతపురమే సాక్ష్యం. వేరుశనగకు బదులుగా, లేదా దాని పక్కన, పొద్దుతిరుగుడు వేసుకోవడం పైకి వైవిధ్యంగానే కనిపిస్తుంది. కాని పొగాకు స్ట్రీక్ వైరస్‌కు పొద్దుతిరుగుడు కూడా ఆతిథేయే. అనంతపురానికి పొరుగుననే ఉన్న కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో 1997లోనే పొద్దుతిరుగుడుపై ఈ విధమైన తెగులు కనిపించింది. పెసర, మినుము సైతం దీనికి లొంగుతాయి. కనుక నాలుగు పంటలు ఉన్నా నాలుగూ ఒకే శత్రువుకు లోబడేవైతే ఆ పొలం రోగం దృష్టిలో ఒకే పంట పొలం. గడ్డిజాతి ధాన్యాలైన జొన్న, సజ్జ, కొర్ర అక్కడ పనికి వచ్చేది అవి సంఖ్యను పెంచినందుకు కాదు. వేరుశనగతో వాటి బలహీనతలు కలవవు. వేళ్ళ లోతు వేరు, ఎత్తు వేరు, నీరు కోరే సమయం వేరు, మార్కెట్టు వేరు. సిఫారసు చేసేవారు లెక్కించవలసినది పంటల సంఖ్యను కాదు, ఈ తేడాలను.

వేరుశనగలో కంది అంతరపంట దీనికి మంచి ఉదాహరణ. ఏడు సాళ్ళకు ఒకటి గాని, పదకొండు సాళ్ళకు ఒకటి గాని కంది వేయడం విశ్వవిద్యాలయ సిఫారసులలో ఎన్నాళ్ళ నుంచో ఉన్నది. వేరుశనగ నాలుగు నెలల లోపున తీతకు వస్తుంది. కంది మొదటి రెండు నెలలు మెల్లగా పెరిగి పక్క పైరుకు నీడ కాకుండా ఉంటుంది. వేరుశనగ పీకిన తరువాత ఆ జాగాను ఆక్రమించి, లోతుగా దిగిన తల్లివేరుతో వెనుకటి వానలను వినియోగించుకుంటుంది. ఆగస్టు బెట్ట ఊడలు దిగే దశలో వేరుశనగను కుంగదీసిన ఏడు, సెప్టెంబరు, అక్టోబరు వానలు కందికి అందుతాయి. వేరుశనగ ఒంటి పంట దిగుబడిలో 85 శాతం, కంది ఒంటి పంట దిగుబడిలో 40 శాతం వచ్చాయనుకుంటే, భూ సమానతా నిష్పత్తి 1.25 అవుతుంది. అంటే విడివిడిగా ఎకరంపావులో పండించవలసినది ఒక ఎకరంలో పండినట్లు. ఇంత సులువైన గణితాన్ని దిగుబడుల పట్టికలలో వెదికితే దొరకదు. వేరుశనగ దిగుబడి 15 శాతం తగ్గినట్లు ఒక పట్టికలోను, కంది దిగుబడి చాలా తక్కువగా ఉన్నట్లు మరొక పట్టికలోను నమోదవుతుంది. రైతు గెలిచిన పొలం లెక్కలలో రెండుసార్లు ఓడిపోతుంది.

ఒక పంటలోనే రకాల కలయిక ఏమి చేయగలదో చైనాలోని యునాన్ రాష్ట్రం చూపించింది. అక్కడ అగ్గితెగులుకు సులభంగా లొంగే, ధర ఎక్కువ పలికే జిగురు వరిని, తెగులును తట్టుకొనే సంకర వరి సాళ్ళ నడుమ నాటించారు. ప్రయోగం నాలుగు మడులలో జరగలేదు. 1998లో ఐదు, 1999లో పది పాలనా విభాగాల పరిధిలోని వరి పొలాలన్నిటా రైతుల చేతనే జరిగింది. ఒంటిగా నాటిన పొలాలతో పోలిస్తే జిగురు వరిలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దాని దిగుబడి 89 శాతం పెరిగింది. శిలీంధ్రనాశినుల పిచికారీ మానివేయగలిగారు. ఈ ఫలితాలు ప్రచురితమైనది 2000 ఆగస్టులో, అనంతపురంలో వేరుశనగ మాడిపోతున్న రోజులలోనే. అగ్గితెగులు మొక్క నుంచి మొక్కకు పాకేది కనుక అక్కడ మేలు కలిగిన తీరు వేరు, కాండం కుళ్ళు విషయంలో జొన్న సాళ్ళు పనిచేసే తీరు వేరు. ఒకచోట వైవిధ్యం తెగులు బీజాల దారిని తెంచింది, మరొకచోట బయట నుంచి వచ్చే వాహకానికి అడ్డం నిలిచింది, కంది విషయంలో వాన తప్పిన నష్టాన్ని రెండు కాలాలకు పంచింది. వైవిధ్యాన్ని ఒక సద్గుణంగా కీర్తించడం కంటే ఇట్లా ఏ చోట ఏ పని చేస్తుందో విడమరచి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు ఉచితం.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలికైనవి కావు. మొదటిది శ్రమ. పప్పుజాతి పైరులో వాడే కలుపు మందు గడ్డిజాతి పైరును చంపుతుంది, గడ్డిజాతిలో వాడేది పప్పుజాతిని చంపుతుంది. రెండూ కలిసి ఉన్న పొలంలో కలుపు చేతితో తీయవలసిందే, ఆ చేతులు ఎక్కువగా స్త్రీలవి. పాత కలగలుపు సేద్యాన్ని పొగిడే వ్యాసాలలో ఈ మాట అరుదుగా కనిపిస్తుంది. గొర్రు, జడ్డిగంతో నాలుగు రకాల గింజలను వేరువేరు సాళ్ళలో పడేలా విత్తే నేర్పు గల రైతులు వృద్ధులైపోయారు. ట్రాక్టరు గొర్రుకు ఆ నేర్పు ఇంకా అబ్బలేదు. కోతకు యంత్రం కావాలంటే పొలం ఒకే ఎత్తున, ఒకే రోజున పండాలి. కొర్రలు పండించినా పొట్టు తీసే మర దగ్గరలో లేకపోతే అవి మూటలలోనే పురుగు పడతాయి. ఇక రెండవ అభ్యంతరం మరింత బలమైనది. హరిత విప్లవపు వరి, గోధుమలు లేకుండా దేశం కరవుల నుంచి బయటపడేది కాదన్న వాదన. అది నిజమే. కాని ఆ వాదన నీటి వసతి ఉన్న భూములలో పుట్టినది. 550 మిల్లీమీటర్ల వాన నేలకు దానిని యథాతథంగా తెచ్చి అతికించడం వలన అనంతపురానికి వచ్చిన దిగుబడి స్థిరమైనది కాదు. మంచి ఏటికీ చెడ్డ ఏటికీ మధ్య ఊగిసలాటే అక్కడి వేరుశనగ చరిత్ర. సగటు దిగుబడి కమతాన్ని నిలబెట్టదు. చెడ్డ ఏడు వచ్చే కనీస దిగుబడి నిలబెడుతుంది.

ఇటీవలి సంవత్సరాలలో అక్కడ వేరుశనగ విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది. కొందరు దీనిని వైవిధ్యం వైపు మరలడంగా లెక్కిస్తున్నారు. నీరున్న చోట చీనీ, మామిడి తోటలు, లేని చోట ఒంటి పంటగా కంది, ఆముదం, పత్తి, మొక్కజొన్న వస్తున్నాయి. జిల్లా స్థాయి గణాంకాలలో ఇది వైవిధ్యమే. ఒక్కొక్క కమతంలోకి దిగి చూస్తే చాలాచోట్ల ఒక ఒంటి పంట స్థానంలో మరొక ఒంటి పంట. బోరు ఎండిన ఏడు చీనీ తోటకు ఏమవుతుందో అక్కడి రైతుకు ఎవరూ చెప్పవలసిన పని లేదు.

చిక్కు ఎక్కువ భాగం పరిశోధన, విస్తరణ వ్యవస్థల అలవాట్లలో ఉన్నది. కొత్త రకం ఒంటి పంటగా పరీక్షకు వెళుతుంది, తులనాత్మక రకం కంటే హెక్టారుకు ఎన్ని కిలోలు ఎక్కువ ఇచ్చిందో దానిని బట్టి విడుదలవుతుంది. జొన్న పక్కన, కంది నీడలో అది ఎట్లా ప్రవర్తిస్తుందో విడుదలకు ముందు చాలావరకు ఎవరూ చూడరు. ఆ తరువాత అదే రకాన్ని అంతరపంటకు సిఫారసు చేస్తారు. సాగు పద్ధతుల పుస్తకాలు పంటల వారీగా అధ్యాయాలు కట్టి ఉంటాయి. వరి, జొన్న, కంది, వేరుశనగ ఎవరి అధ్యాయం వారిది. రైతు పొలం అట్లా అధ్యాయాలుగా విడిపోయి ఉండదు. స్నాతకోత్తర విద్యార్థి రెండు సీజన్లలో సిద్ధాంత వ్యాసం ముగించవలసి ఉంటుంది కనుక గణాంక విశ్లేషణ సులువుగా ఉండే ఒంటి పంట ప్రయోగాన్నే ఎంచుకుంటాడు. అతనిని తప్పుపట్టలేము గాని, ఇరవై ఏళ్ళ అట్టి వ్యాసాలన్నీ పేర్చి చూస్తే ఒక విశ్వవిద్యాలయానికి ఏది తెలుసో, ఏది తెలియదో బయటపడుతుంది. పంట బీమా కూడా నోటిఫై చేసిన ప్రాంతంలో నోటిఫై చేసిన పంటకు వర్తిస్తుంది. ఒకే ఎకరంలో ఆరు పైర్లు వేసిన రైతు, నష్టాన్ని తానే ముందుగా తగ్గించుకున్నవాడు, నమోదు దగ్గర తన పొలం పేరు ఏమిటో చెప్పలేక నిలబడతాడు.

విత్తనం విషయం వీటన్నిటికంటే మౌలికమైనది. వేరుశనగకు ఎకరానికి 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి. ఒకటికి పది రెట్లు కూడా పెరగడం కష్టమైన విత్తనం అది. కరవు ఏడు గడిచిన తరువాత రైతు ఇంట విత్తనం మిగలదు. అందుచేతనే ఏటా లక్షల క్వింటాళ్ళ విత్తనం రాయితీపై సరఫరా కావలసి వచ్చింది, ఆ విత్తనం కోసం రైతులు వరుసలలో నిలబడవలసి వచ్చింది. సరఫరా అయ్యేది ఏ రకమైతే జిల్లా వేసేది ఆ రకమే. కొర్రకు ఎకరానికి రెండు కిలోలు చాలు. వాకిట్లో వేలాడదీసిన నాలుగు కంకుల నుంచి మరుసటి ఏటి విత్తనం వస్తుంది. జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు గ్రామ విత్తన నిధులను నిలబెట్టగలగడానికి వారి పట్టుదలతో పాటు, చిరుధాన్యాల విత్తనానికి ఉన్న ఈ తేలికదనం కూడా కారణం. అదే నమూనాను వేరుశనగకు వర్తింపజేయాలనుకునేవారు ఈ బరువు తేడాను లెక్కలోకి తీసుకోక తప్పదు.

జన్యు నిధులు ఉన్నాయి గదా అన్నది తరచు వినిపించే సమాధానం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో వేరుశనగ నమూనాలే 15 వేలకు పైగా, జొన్న నమూనాలు 35 వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. తెలుగు నేల మీద అంతటి నిధి ఉండడం అదృష్టం. అయితే శీతల గదిలోని గింజ తాను సేకరించబడిన నాటి తెగుళ్ళను మాత్రమే ఎరుగును. 2000 నాటి తామర పురుగులను గాని, ఆ తరువాత మారిన వానలను గాని అది చూడలేదు. పొలంలో ఏటేటా విత్తి, ఎంచి, దాచిన విత్తనం చూసింది. నిధి నుంచి కొంత విత్తనాన్ని రైతు పొలాలలోకి తిరిగి పంపి, అక్కడ కొన్నేళ్ళు నిలిచినదాన్ని మళ్ళీ సేకరించే ఏర్పాటు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. కావలసినది ఒక శాఖ దానిని తన పనిగా భావించడం.

రానున్న ఖరీఫ్‌కు కృషి విజ్ఞాన కేంద్రాలు వేసే క్షేత్ర ప్రదర్శనల నుంచే మార్పు మొదలు కావచ్చును. ఒంటి వేరుశనగ పక్కన వేరుశనగ, కంది, చుట్టూ జొన్న ఉన్న పొలాన్ని చూపి, కాయల బరువు ఒక్కటే గాక గింజ, చొప్ప, కట్టె, కూలి దినాలు, అందులో స్త్రీల దినాలు ఎన్ని, మందుల ఖర్చు, ఈ అన్నిటినీ ఒకే పట్టికలో చూపవచ్చును. విడుదలకు ముందు ప్రతి మెట్ట రకాన్నీ కనీసం ఒక సీజను అంతరపంటగా పరీక్షించవచ్చును. కొర్రకు పొట్టు తీసే మర, రెండు పైర్లను కలిపి విత్తే ట్రాక్టరు గొర్రు ఇంజనీరింగ్ విభాగం వారికి అసాధ్యమైనవి కావు. ప్రదర్శన పొలాన్ని ఒక ఏడు కాకుండా ఐదేళ్ళు అదే చోట కొనసాగించాలి. ఆ ఐదింటిలో వాన తప్పే ఏడు కనీసం ఒకటి వస్తుంది, రైతులు చూడవలసినది ఆ ఏటి పట్టికనే. ప్రస్తుత పద్ధతిలో వాన తప్పిన ఏటి ప్రదర్శనను విఫలమైనదిగా నమోదు చేసి నివేదికలో నుంచి తీసివేస్తున్నారు.